పిచ్చికుక్క కాటూ, లెక్కల శాస్త్రమూ

హైదరాబాదు పాతనగరంలో, చార్మినారుకు దక్షిణంగా, చాంద్రాయణగుట్ట చెంత బార్కస్ అనే పేట ఉన్నది. పేరు వింతగా తోచవచ్చును గాని, అది ‘బ్యారక్స్’ అనే ఆంగ్లపదం మన నోట మారిన రూపమే. నిజాం ప్రభువుల కొలువులో ఉండిన అరబ్బు సైనికులకు, ముఖ్యంగా యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతంనుండి వచ్చినవారికి, అవి నివాసాలు. 1948 తరువాత ఆ సైన్యం లేదు. వారి సంతతివారు ఉన్నారు. అన్ని పేటలలోవలెనే అక్కడి వీధులలో కుక్కలూ ఉన్నవి.

ఆ వీధులలో ఒక కుక్కకు పిచ్చి పట్టి, బడికి పోయే బాలుని కరచినదనుకొందాము. తల్లికి ఒకటే ప్రశ్న: నా బిడ్డ బ్రతుకుతాడా? ఊరిని కాపాడవలసినవారికి మరొక ప్రశ్న కూడ ఉన్నది: ఆ కుక్క ఇంకెన్ని కుక్కలను కరచినది? మొదటిదానికి వైద్యం సమాధానం చెప్పినది. రెండవదానికి గణితం చెప్పినది. ఆ గణితానికి దారి తీసినవాడు ఒకనాడు మన జంటనగరాలలోనే పనిచేసినాడు.

పిచ్చికుక్క కరచినవాడు నీటిని చూచి భయపడునని సుశ్రుతుడు ఏనాడో వ్రాసినాడు. కాని నివారణ 1885 వరకు దొరకలేదు. ఆ సంవత్సరం జూలైలో పారిస్ నగరాన లూయీ పాశ్చర్, జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేండ్ల బాలునికి టీకాలు వేయించి బ్రతికించినాడు. మన దేశంలో 1900లో కసౌలిలోను, 1907లో కూనూరులోను పాశ్చర్ సంస్థలు వెలసినవి. బొడ్డుచుట్టూ సూదులు పొడిపించుకొన్న పెద్దలు మన ఇండ్లలో ఇప్పటికీ ఉన్నారు. నేడు ఆ బాధ లేదు. కొద్దిపాటి సూదులు, అవీ చేతికే.

ఇక రెండవ ప్రశ్న. 1897 ఆగస్టు 20వ తేదీన, సికిందరాబాదు చెంత బేగంపేటలో, రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఈ సంగతి అందరూ ఎరిగినదే. తరువాత ఆయన చేసిన పని అంతగా ప్రచారం కాలేదు. దోమలనన్నిటినీ చంపుట సాధ్యమా అని ఆక్షేపించినవారికి, అన్నిటినీ చంపనక్కరలేదనీ, ఒక మేరకు తగ్గించితే జబ్బు తనంత తానే అడుగంటుననీ ఆయన లెక్క కట్టి చూపినాడు.

1901లో రాస్ వెంట ఆఫ్రికాలోని సియెరా లియోనుకు వెళ్ళిన యువవైద్యుడు మెకెండ్రిక్. రాస్ ప్రోత్సాహంతో ఆయన గణితం అభ్యసించినాడు. 1914 నుండి 1920 వరకు కసౌలి పాశ్చర్ సంస్థకు అధిపతిగా ఉండి, కుక్కకాటు రోగుల నడుమ పనిచేసినాడు. పిమ్మట ఎడింబరోలో, ప్రయోగశాల ప్రమాదంలో చూపు పోగొట్టుకొన్న కెర్మాక్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి, 1927లో అంటువ్యాధుల వ్యాప్తికి సూత్రం వ్రాసినాడు. 1905-06 నాటి బొంబాయి ప్లేగు మరణాలతో దానిని సరిచూచినారు.

ఈ విధమైన లెక్కను మన వీధికి అన్వయించి చూతము. పిచ్చి పట్టిన కుక్క కొద్ది రోజులలోనే చచ్చును. ఆ లోపల అది సగటున ఎన్ని కుక్కలకు జబ్బు అంటించునన్నదే కీలకం. టాంజానియాలో వీధివీధీ తిరిగి లెక్కించి 2009లో ప్రకటించిన పరిశోధనలో ఆ సంఖ్య ఒకటికి కొంచెమే ఎక్కువ. 1.2 అనుకొందాము. అప్పుడు నూరు జబ్బు కుక్కలు నూట ఇరవై అగును. అవి నూట నలుబది నాలుగు అగును. చక్రవడ్డీవలె పెరుగును. కుక్కలలో సగానికి టీకా వేసితిమా, నూరు అరువదియై, అరువది ముప్పదియారై, జబ్బు కృశించును.

అట్లయితే నూటికి డెబ్బదింటికి టీకా వేయవలెనని శాస్త్రజ్ఞులు ఎందుకు అంటున్నారు? కుక్క ఆయుర్దాయం స్వల్పం. ఏడాది తిరిగేసరికి టీకా పడినవి కొన్ని చచ్చును, టీకా ఎరుగని పిల్లలు పుట్టును. డెబ్బదితో ఆరంభించితేనే మరుసటి విడతవరకు కట్టడి నిలుచును. కుక్కలను చంపుట వలన ప్రయోజనం కలుగకపోవుటకు కారణమూ ఇదే: టీకా పడినవీ పోవును, ఖాళీ అయిన వీధిలోకి టీకా పడనివి వచ్చి చేరును.

మనిషినుండి మనిషికి ఈ జబ్బు సాధారణంగా పాకదు. కనుక మనిషికి వేసిన సూది ఆ ఒక్క ప్రాణాన్నే కాపాడును. కుక్కకు వేసిన సూది వీధినంతటినీ కాపాడును. 2030 నాటికి కుక్కలవలన వచ్చే ఈ వ్యాధిని నిర్మూలించవలెనని మన దేశం 2021లో ప్రణాళిక ప్రకటించినది. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది దీనికి బలియగుచున్నారని 2015 నాటి అంచనా. వారిలో పిల్లలు ఎందరో.

లెక్క ఎంత చక్కనిదైనా, కరచిన గడియకు చేయవలసినది వేరు. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడుగవలెను. సున్నం, కారం పూయరాదు. ఆ రోజే ఆసుపత్రికి పోవలెను. లక్షణాలు కనబడిన పిమ్మట వైద్యం దాదాపు నిష్ఫలం. బార్కస్ బాలుని తల్లి ఈ మాట మరువరాదు. ఆ వీధి కుక్కలలో పదింట ఏడింటికి టీకా పడినదా అని విచారించవలసిన బాధ్యత మాత్రం ఆమె ఒక్కదానిది కాదు, వీధివారందరిదీ.