గృహకిణ్వనంలో ఈస్ట్ నిల్వ: చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

పాలు పెరుగుగా మారాలంటే తోడు కావాలి. ఇంట్లో తోడు లేనినాడు పొరుగింటి నుంచి తెచ్చుకోవడం తెలుగు ఇళ్లలో వాడుక. యూరప్‌లో ఇంట బీరు తయారుచేసుకునే కుటుంబాలకు ఈస్ట్ అటువంటి తోడే. ఒక దఫా పులియడం ముగిశాక మిగిలిన ఈస్ట్‌ను తీసి తరువాతి దఫాలో కలిపేవారు. రెండు దఫాల మధ్య నెలల వ్యవధి వస్తే ఆ సూక్ష్మజీవిని బతికించుకోవడం ఎలా అన్నదే సమస్య. దీనికి కాలక్రమంలో లభించిన పరిష్కారాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నిల్వ పద్ధతులు మారినా, ఈస్ట్‌ను నష్టపోకుండా కాపాడినది దానిని నలుగురితో పంచుకునే అలవాటేనని ఈ పరిశీలనలో తేలుతుంది.

2. ఆరబెట్టిన ఈస్ట్

పశ్చిమ నార్వే పల్లెల్లో ఇంటి ఈస్ట్‌ను ‘క్వైక్’ అంటారు. చిన్న కొయ్యముక్కలను గొలుసుగా కూర్చిన వలయాన్ని, లేదా గాట్లు పెట్టిన కొయ్యదుంగను ఈస్ట్‌లో ముంచి ఆరబెట్టి భద్రపరిచేవారు. తడి ఆరిన ఈస్ట్ సుప్తావస్థలో చాలాకాలం నిలుస్తుంది. ఒక ఇంటి ఈస్ట్ చెడితే పొరుగింటివారు ఇచ్చేవారు. అందువల్ల ఊరంతా ఒకరికొకరు నిల్వకేంద్రాలుగా ఉండేవారు. అంగళ్లలో కర్మాగారపు ఈస్ట్ దొరకడం మొదలైన తరువాత అనేక కుటుంబాలు తమ ఈస్ట్‌ను వదులుకున్నాయి. ఇచ్చే పొరుగువారు తగ్గేకొద్దీ పోయిన ఈస్ట్‌ను తిరిగి పొందే దారీ మూసుకుపోయింది.

3. ప్రయోగశాలలో ఈస్ట్

డెన్మార్క్‌కు చెందిన జె. సి. యాకబ్‌సెన్ 1845లో మ్యూనిక్ నుంచి ఈస్ట్‌ను గుర్రపుబండి ప్రయాణంలో కోపెన్‌హాగెన్‌కు తెచ్చాడు. దారిలో మజిలీ వచ్చినప్పుడల్లా దానిపై చన్నీళ్లు పోసి చల్లబరిచేవాడని చెబుతారు. ఆయన 1875లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలను స్థాపించాడు. అక్కడ ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధ ఈస్ట్‌ను పెంచే విధానాన్ని రూపొందించాడు. 1883లో అది బీరు ఉత్పత్తిలో ప్రవేశించింది. బీరు చెడడానికి బాక్టీరియాతోపాటు అడవి ఈస్ట్‌లూ కారణమని ఆయన నిరూపించాడు. యాకబ్‌సెన్ ఈ శుద్ధ ఈస్ట్‌ను గుట్టుగా దాచుకోక ఇతర తయారీదారులకూ అందించాడు.

4. గడ్డకట్టించే విద్య

ఈస్ట్‌ను నేరుగా గడ్డకట్టిస్తే కణంలోని నీరు మంచుస్ఫటికాలుగా మారి పొరలను చీల్చగలదు. 1949లో లండన్‌లో పోల్జ్, స్మిత్, పార్క్స్ కోడిపుంజు వీర్యకణాలను గ్లిసరాల్ సాయంతో గడ్డకట్టించి తిరిగి సజీవంగా పొందారు. గ్లిసరాల్ మంచు ఏర్పడడాన్ని తగ్గిస్తుంది. ఈ సూత్రం తరువాత సూక్ష్మజీవుల నిల్వకూ ఆధారమైంది. ద్రవ నత్రజనిలో, అంటే సుమారు –196 డిగ్రీల సెల్సియస్ వద్ద, కణం జీవక్రియలు దాదాపు ఆగిపోతాయి.

1948లో ఏర్పడిన బ్రిటన్ జాతీయ ఈస్ట్ భాండారం 1980 నుంచి నారిచ్‌లో ఉంది. తయారీదారులు తమ ఈస్ట్ ప్రతిని అక్కడ దాచుకుంటారు. 2009 వరదల్లో కాకర్‌మత్‌లోని జెన్నింగ్స్ సంస్థ ఈస్ట్‌ను కోల్పోయినప్పుడు ఈ భాండారమే దానిని తిరిగి సమకూర్చింది.

5. ఇంటి ఫ్రీజర్

బ్రిటన్‌లో 1963లో ఇంటి బీరుకు లైసెన్సు నిబంధన తొలగింది. అమెరికాలో 1978లో సమాఖ్య చట్టం దానికి అనుమతినిచ్చింది. గృహకిణ్వనం విస్తరించినకొద్దీ ప్రయోగశాల పద్ధతి వంటింటికి చేరింది. మరిగించి శుద్ధిచేసిన గ్లిసరిన్ ద్రావణంలో ఈస్ట్‌ను కలిపి చిన్న సీసాల్లో గడ్డకట్టించడం వాడుకైంది. అయితే మంచు పేరుకోకుండా తనంతట తాను వేడెక్కే ఫ్రీజర్లలో ఉష్ణోగ్రత పదేపదే మారి కణాలు దెబ్బతింటాయి. అందుకే సీసాలను థర్మకోల్ పెట్టెలో ఉంచుతారు. కరిగించిన తరువాత కొద్దిపాటి మాల్ట్ ద్రావణంలో పెంచి, బలం పుంజుకున్నాకే వాడతారు.

6. ముగింపు

ఆరబెట్టిన క్వైక్‌లో సాధారణంగా పలు ఈస్ట్ రకాలు కలిసి ఉంటాయి. హాన్సెన్ పద్ధతి వాటిలో ఒక్కదానినే ఎన్నుకుంటుంది. నిలకడ కోసం వైవిధ్యాన్ని వదులుకోవడం దీని మూల్యం. ఇంటి ఫ్రీజర్ ఈ మూల్యాన్ని కొంత తగ్గించగలదు. మిశ్రమాన్ని యథాతథంగా దాచుకోవడానికీ, అనేక రకాలను విడివిడిగా ఉంచుకోవడానికీ అక్కడ అవకాశం ఉంది. కానీ ఒక్కచోటి నిల్వకు ఒక్క రాత్రి విద్యుత్తు అంతరాయమూ ప్రమాదమే. మరొకరి ఇంట మరొక సీసా ఉన్నప్పుడే ఆ ఈస్ట్ భద్రం. నార్వే పల్లెల్లో పొరుగిల్లు చేసిన పని ఇదే.