జాంగ్లా లామా, హంగేరీ శిష్యుడు

ప్రభుత్వోద్యోగమున చేరి, మీసములు నెరసిన పిదప ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ పరీక్షలకు కూర్చుండినవారు మనలో పెక్కురు కలరు. ఇంటివద్ద కుమారుడు చదువుకొను వాచకమునే తండ్రియు చేతబట్టవలసి వచ్చినపుడు కలుగు సంకోచము అనుభవైకవేద్యము. అట్టివారికి కొంత ఊరటగా నుండునను తలంపుతో, ముప్పది తొమ్మిదవ యేట ఒక గురువుకడ కూర్చుండి టిబెటను భాష నేర్చిన యొక పరదేశి వృత్తాంతమును ఇచట వ్రాయుచున్నాను.

ఆతని పేరు కొరోషి చోమా షాండోర్. హంగేరీయులు మనవలెనే ఇంటిపేరును ముందు చెప్పుదురు. కొరోషి యనగా కొరోష్ గ్రామమువాడని అర్థము. ఆంగ్ల గ్రంథములలో కనబడు అలెగ్జాండర్ చోమా ఈతడే. ఇప్పుడు రుమేనియాలో చేరియున్న ట్రాన్సిల్వేనియా సీమలో 1784లో ఒక పేద కుటుంబమున జన్మించెను. స్వదేశమున కళాశాలా విద్య ముగించి, జర్మనీలోని గటింగెన్ విశ్వవిద్యాలయమున ప్రాచ్యభాషలను అభ్యసించెను.

హంగేరీ ప్రజల పూర్వులు మధ్యాసియానుండి వచ్చిరనియు, అచట నెచటనో తమ దాయాదులు ఇంకను మిగిలియుందురనియు ఆతని విశ్వాసము. వారిని వెదకుటకై 1819లో ఇల్లు విడిచెను. చేతి ధనము స్వల్పము. కాలినడకను, బిడారుల వెంటను సాగి, అలెప్పో, బాగ్దాదు, టెహ్రాను, బుఖారా, కాబూలు, లాహోరు దాటి 1822లో లదాఖు చేరెను. అచటినుండి యార్కందునకు పోవు త్రోవ మిక్కిలి వ్యయముతోను, అపాయముతోను కూడినదగుటచే వెనుదిరిగెను. ఆ తిరుగు ప్రయాణమున ఈస్టిండియా కంపెనీ ఉద్యోగియగు విలియం మూర్‌క్రాఫ్టు తటస్థపడెను.

మూర్‌క్రాఫ్టు పశువైద్యుడు. మేలుజాతి గుఱ్ఱములకై బుఖారాకు పోవుచు, ఆ దేశములలో రష్యా పలుకుబడి ఎంతవఱకు వచ్చినదో కూడ కనిపెట్టుచుండెను. టిబెటను భాష తెలిసినవాడు కంపెనీకి అవసరమని ఆతడు గ్రహించెను. టిబెటను గ్రంథములలో తన జాతి పూర్వచరిత్ర దొరకునేమో యని చోమా ఆశించెను. ఇరువురి అక్కఱలు వేఱు, మార్గ మొక్కటియే అయినది. 1762లో రోము నగరమున అచ్చయిన యొక పాత టిబెటను భాషాగ్రంథమును మూర్‌క్రాఫ్టు ఆతని కిచ్చెను. దానిని చదివిన చోమాకు బోధపడిన దొక్కటే: ఈ భాష పుస్తకమువలన వచ్చునది కాదు, గురువు కావలెను.

ఆ గురువు జాంస్కారు లోయలోని జాంగ్లాలో దొరకెను. ఆయన పేరు సాంగ్యే ఫుంత్సోగ్, వైద్యవిద్యయందును ప్రవీణుడైన లామా. 1823 జూన్ మొదలు 1824 అక్టోబరు వఱకు చోమా ఆయనకడ చదివెను. నడుమ వచ్చిన శీతకాలమును గూర్చి తరువాతి కాలమున డాక్టరు జెరార్డు వ్రాసియుంచిన వివరములు చదివినచో ఒడలు జలదరించును. తొమ్మిదడుగుల చదరపు గది. అందు గురువు, శిష్యుడు, ఒక సేవకుడు. బయట మంచు కప్పియుండుటచే మూడు నాలుగు మాసములు గడప దాటలేదు. గదిలో నిప్పు లేదు, చీకటి పడిన పిదప దీపము లేదు, పడక కటికనేల. గొఱ్ఱెతోలులో చేతులు ముడుచుకొని ఉదయమునుండి సాయంకాలము వఱకు చదువుట, పుట త్రిప్పవలసినపుడు మాత్రము ఒక చేయి వెలికి తీయుట. ఆ చేతిని వెలికి తీయుటయే ఒక శిక్షగా నుండెడిదట!

టిబెటను లిపి మన లిపులవలెనే బ్రాహ్మీ సంతతికి చెందినది. కాని వ్రాత యొకటి, పలుకుబడి యొకటి. వ్రాతలో నున్న అక్షరములు పెక్కు నోట వినబడవు. అంతకంటె చిక్కైనది మర్యాదా పదజాలము. సామాన్యుని తల ‘గో’, పూజ్యుని తల ‘ఊ’. కన్ను, చేయి, పోవుట, వచ్చుట మున్నగువాని కన్నిటికిని గౌరవపదములు వేఱుగా నుండును. ‘నీవు’, ‘మీరు’, ‘తమరు’ అను భేదములలో పెరిగిన మనకు ఇది వింతగా తోపదు గాని, ఐరోపావానికి ఎవరియెదుట ఏ మాట వాడవలెనో తప్పు దిద్ది చెప్పు మనుష్యుడు ప్రక్కన ఉండితీరవలెను. పసివాడు ఈ దిద్దుబాటును ఆటలో గ్రహించును. నలుబదేండ్ల పండితుడు తన పాండిత్యమును మూటగట్టి ప్రక్కన బెట్టినగాని అది లభింపదు.

1824 నవంబరులో చోమా కొండలు దిగి, నేటి హిమాచల ప్రదేశములోని సబాతు దండుకు వచ్చెను. చిరిగిన ఆసియా దుస్తులతో, ఏ దొరతనమునకు చెందినవాడో తెలియక వచ్చిన యీ మనుష్యుని అచటి అధికారి అనుమానించి, కలకత్తానుండి ఉత్తరువు వచ్చువఱకు ఆపివేసెను. కాగితములు కదలుటకు కొన్ని మాసములు పట్టినవి. ఆ విషయమున మన కాలమును మాత్రమే నిందించుట అన్యాయము. కడకు నెలకు ఏబది రూపాయల భత్యము మంజూరైనది. ఫుగ్తాల్ మఠమున గడపిన రెండవ పర్యాయము లామా అశ్రద్ధవలన దాదాపు వ్యర్థమైనదని చోమాయే వాపోయెను. అయినను వేఱొక గురువును వెదకలేదు. 1827లో కిన్నౌరు సీమలోని కానం గ్రామమునకు ఆ లామానే రప్పించుకొని, 1830 వఱకు నిఘంటువును, వ్యాకరణమును పూర్తిచేసెను. ఆ యేబది రూపాయలలో ఇరువదియైదు లామాకు, నాలుగు సేవకునకు, ఒకటి ఇంటి అద్దెకు పోవుచుండెను. మిగిలిన ఇరువదితో అన్నవస్త్రములు గడుపుకొనెను.

1834లో కలకత్తాలో ఆ నిఘంటువు అచ్చయినది. దాని ముఖపత్రముపై, కర్త పేరునకు ముందుగా, జాంస్కారు పండిత లామా బందే సాంగ్యే ఫుంత్సోగ్ సహాయముతో సిద్ధపరుపబడినదని స్పష్టముగా ముద్రింపబడియున్నది. ఆ దినములలో దేశీయ పండితుల శ్రమ పీఠికలో ఒక వాక్యముతో తేలిపోవుట కద్దు. మన బ్రౌను దొరయు కడపలో పండితులను సొంత ఖర్చుతో పోషించి, వారి సాయముతోనే తెలుగు కృషి సాగించెను. కాని 1852 నాటి తెలుగు–ఆంగ్ల నిఘంటువు మనకు ‘బ్రౌణ్య’మే. చోమా చేసినపని నా దృష్టిలో నిఘంటువంత గొప్పది.

ఇది ఆతడు టిబెటను గ్రంథములనుండియే నేర్చెనేమో! నూరు సంపుటముల కంజూరును, రెండువందల ఇరువదియైదు సంపుటముల తంజూరును పరిశీలించి, వానిలో అధికభాగము సంస్కృతమునుండి అనువదింపబడినవని ఐరోపాకు వివరించినవాడు ఆతడే. ఆ అనువాదముల చివర భారతీయ పండితుని పేరును, టిబెటను అనువాదకుని పేరును జంటగా నుండుట ఆచారము. ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజునకు వ్రాసెనని చెప్పబడు ‘సుహృల్లేఖ’ సంస్కృతమూలము నశించినది. మన నేలకు సంబంధించిన ఆ లేఖ టిబెటనులో నేటికిని నిలిచియున్నది. దాని చివరను సర్వజ్ఞదేవుడను భారతీయుని పేరు, బందే పల్చెగ్ అను టిబెటువాని పేరు కలవు.

చోమా వెదకిన దాయాదులు మాత్రము దొరకలేదు. హంగేరీ భాష ఫిన్నిష్, లాప్ భాషల కుటుంబమునకు చెందినదని ష్యాయ్‌నోవిచ్ అను హంగేరీ పండితుడు 1770లోనే, చోమా పుట్టుకకు ముందే, గ్రంథము ప్రకటించెను. దాని దగ్గరి చుట్టములు సైబీరియాలో ఓబ్ నదీ ప్రాంతమున కలరు. చోమా దీనిని మనసార ఒప్పుకొనలేదు. ఏబదియవపడి దాటినను బెంగాలీ, సంస్కృతములకై ఉత్తర వంగమున చాలకాలము గడపెను, కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో గ్రంథపాలకుడుగ పనిచేసెను, మరల లాసాకు ప్రయాణమయ్యెను. దారిలో తెరాయి అడవుల జ్వరము సోకి, 1842 ఏప్రిల్ 11న డార్జిలింగులో మరణించెను. ఆతని ఆస్తి నాలుగు పెట్టెల పుస్తకములు, కాగితములు, ఎల్లప్పుడు తొడుగుకొను నీలిరంగు దుస్తులు, కొన్ని దుప్పట్లు, ఒక వంటపాత్ర.

కానంలో లామాతో కూర్చుండి కూర్చిన వ్రాతలలో సంస్కృత–టిబెటను–ఆంగ్ల పదకోశ మొకటి అముద్రితముగా మిగిలిపోయెను. ఏషియాటిక్ సొసైటీవారు దానిని 1910లోను, 1916లోను, 1944లోను మూడు భాగములుగా అచ్చువేసిరి. మూడవ భాగము వెలువడునాటికి చోమా గతించి నూట రెండేండ్లయినది.