అనాపూ యడవిలో ఒక సన్న్యాసిని

ఆదికాండము మొదటి యధ్యాయమున దేవుడు మానవునకు భూమిపై నేలుబడి యొసంగెను. రెండవ యధ్యాయమున వానినే తోటను సేద్యము చేయుటకును కాచుటకును నియమించెను. ఏలుబడిని పట్టుకొని కాపుదలను మఱచినవారే చరిత్రమున పెక్కురు. ప్రకృతి వినాశమునకు పాశ్చాత్య క్రైస్తవము గొప్ప బాధ్యత వహింపవలసియున్నదని 1967లో అమెరికా చరిత్రకారుడు లిన్ వైట్ 'సైన్స్' పత్రికలో వ్రాసెను. ఆ వాదమున సత్యము లేకపోలేదు. ఐనను దానికి తగిన ప్రత్యుత్తరము మాకు గ్రంథములకంటె బ్రెజిలు దేశపు టడవిలోనే స్పష్టముగ గానవచ్చుచున్నది.

డొరతీ స్టాంగ్ 1931లో అమెరికాలోని డేటన్ నగరమున జన్మించెను. కతోలిక సన్న్యాసినుల సంఘమున జేరి 1966లో బ్రెజిలున కేగెను. నాటి సైనిక ప్రభుత్వము 1970లో అమెజాన్ అడవిని చీల్చుచు గొప్ప బాట వేయ నారంభించి, అది జనులు లేని నేల యనియు, నేలలేని జనులకు దానిని పంచి పెట్టెదమనియు చాటెను. వినుటకు ఇంపైన మాటయే. అందు తరతరములుగ నున్న యడవి జాతులు మాత్రము లెక్కకు రాలేదు! కఱవు ప్రాంతములనుండి పేదలు తరలిపోయిరి. వారి వెనుకనే కలప వ్యాపారులును పసుల మందల ధనికులును వచ్చిరి. క్రొత్తగ వ్రాసిన దొంగ పట్టాలను కీచురాళ్లతోగూడ పెట్టెలో బెట్టి, అవి పసుపువన్నె తిరిగి చినిగిన పిమ్మట ప్రాత పత్రములని చూపు మోసము ఆ దేశమున నుండెడిది. భూమి దైవముదనియు, నరులు దానిపై నతిథులనియు లేవీయకాండము చెప్పుచుండ, బైబిలును ముద్దిడుకొను దేశముననే యిట్లు జరిగినది.

పేదల వెంట తానును పారా రాష్ట్రమునకు బోయి, డొరతీ తుదకు అనాపూ ప్రాంతమున స్థిరపడెను. ఆమె పాటుపడిన వ్యవసాయ నివేశములలో ప్రతి కుటుంబమును తన నేలలో నూటికి ఇరువది పాళ్లు మాత్రమే సాగుచేసి, ఎనుబది పాళ్లు అడవిగ నిలుపవలెను. ఇది కేవలము భక్తురాలి మోజు కాదు. అమెజాన్ వానలో గొప్పభాగము ఆ చెట్లే యావిరిగ విడిచిన నీరు. చెట్లను గాల్చి పచ్చిక పెంచినచోట కొన్ని యేండ్లకే నేల నిస్సారమగును. అడవి పోయినచో మొదట నాకటికి గురియగువాడు పేదయే. కావున చెట్టును గాచుటయు కర్షకుని గాచుటయు ఆమెకు రెండు పనులు కాలేదు.

2005 ఫిబ్రవరి 12వ తేదీ యుదయమున, కర్షకుల సభకు బురద దారిని నడచుచున్న డెబ్బది మూడేండ్ల యా వృద్ధను ఇద్దరు కిరాయి హంతకు లడ్డగించి, ఆయుధమున్నదా యని యడిగిరి. ఆమె బైబిలును జూపి, అందలి ధన్యవచనములను జదివెను. వారామెను ఆఱుమారులు కాల్చిరి. అయిదు దినములకే ప్రభుత్వము ఆ రాష్ట్రమున 33 లక్షల హెక్టారులకు మించిన యడవిని రక్షితముగ బ్రకటించెను. ప్రాణమున్నంతకాలము ఆమె పెట్టిన యర్జీల కింత త్వర కలుగలేదు.

భూమి మొఱయు పేదల మొఱయు కలిపి వినవలెనని పోపు ఫ్రాన్సిసు 'లౌదాతో సి' లేఖలో వ్రాసినది 2015లో. హత్య చేయించిన భూస్వాములలో నొకనికి 2007లో ముప్పది యేండ్ల శిక్ష పడెను. 2008లో రెండవ జ్యూరీ వానిని విడిచెను. 2010లో మరల నదే శిక్ష పడెను. అనాపూలో నేల కొఱకు కర్షకులు హతులగుట మాత్రము ఆ తీర్పుతో నాగలేదు.