మైకుసెట్టు పెట్టె, పాత సామాన్ల బండి: మోతెలో పాటల బేరం

మోతెలో రికార్డుల దుకాణం నాకు తెలిసి ఏనాడూ లేదు. సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే తొవ్వలోని ఊరు మాది. పాట కొనాలంటే ఆ రెండు పట్నాల్లో ఒకదానికో, కోదాడకో బస్సెక్కాల్సిందే. అట్లని మా దిక్కు పాత పాటల బేరమే జరగలేదనుకోవద్దు. మైకుసెట్టు వాళ్ల పెట్టెలు, క్యాసెట్ల షాపులు, పాత సామాన్ల బండ్లు, ఈ మూడింటి మీదుగా పాటలు చేతులు మారుతూనే వచ్చాయి.

మొదట మైకుసెట్టు సంగతి. పెళ్లయినా, బొడ్రాయి పండుగైనా ముందు వేపచెట్టుకు మైకు బూర ఎక్కాల్సిందే. మా పల్లెల్లో రికార్డులు కొన్నది ఇంట్లో కూర్చుని వినేవాళ్లు తక్కువ, మైకుసెట్టు వాళ్లే ఎక్కువ. నిమిషానికి 78 చుట్లు తిరిగే 78 రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర పలుకుతుంది. ఆపరేటర్ పక్కకు కదిలే వీలుండదు. ఉక్కు ముల్లు ఒకటి రెండు పాటలకే మొద్దుబారుతుంది. మార్చకుండా వేస్తే రికార్డు గాడిని గీకేస్తుంది. ముల్లుకు పైసలు ఎందుకని అదే ముల్లుతో పెళ్లంతా గడిపేసిన రికార్డులు నిగనిగ పోయి, గాళ్లు బూడిద రంగుకు తిరుగుతాయి. పాత రికార్డును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే అది ఇంట్లో బతికిందా, మైకుసెట్టులో బతికిందా ఇట్టే తెలిసిపోతుంది.

ఆ రికార్డుల తయారీలో మన లక్క ఉంది. లక్కలో రాతిపొడి, మసి కలిపి అచ్చు పోసేవాళ్లు. అందుకే రికార్డు కిందపడితే పెంకులు పెంకులుగా పగులుతుంది. మన దేశంలో తొలి రికార్డింగులు 1902లో కలకత్తాలో జరిగాయి. గాయని గౌహర్ జాన్ పాడింది వాటిలోనే. తర్వాత కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఫ్యాక్టరీ నుంచి హెచ్‌ఎంవి కుక్క బొమ్మ రికార్డులు దేశమంతా పోయాయి. ఇంగ్లండ్, అమెరికాల్లో 78ల కాలం 1960 ప్రాంతానికే చెల్లిపోయింది. ఇక్కడ మాత్రం 1960ల చివరిదాకా వాటిని అచ్చుపోస్తూనే ఉన్నారు. కారణం మాలాంటి ఊళ్లే. కరెంటు లేని చోట చేతి పిడి తిప్పి నడిపే గ్రామఫోను మీద అవే పలికేవి. ఆ ఆలస్యం వల్లే బీటిల్స్ పాటలు కూడా మన దేశంలో 78లుగా వచ్చాయి. విదేశాల్లో వాటిని ఇప్పుడు ఎగబడి కొంటారు.

మా పెట్టెల్లో బీటిల్స్ ఎక్కడ? ఉన్నవన్నీ మద్రాసు నుంచి వచ్చిన సరుకు. నాటకాల పద్యాలు, ఘంటసాల పాడిన కరుణశ్రీ ‘పుష్పవిలాపం’, ‘మాయాబజార్’ (1957), ‘లవకుశ’ (1963) పాటలు. ఆ తర్వాత పెద్ద రికార్డులొచ్చాక ‘దానవీరశూరకర్ణ’ (1977) డైలాగులు. కనుక ఈ పెట్టెలు తిరగేస్తే మేం విన్నది తెలుస్తుంది గానీ మేం పాడింది తెలియదు.

పాడినవాళ్లు లేకనా? 1946–51 తెలంగాణ సాయుధ పోరాటం నాటికే ఈ నేల మీద పాట ఊరూరా తిరుగుతున్నది. సుద్దాల హనుమంతు మా పాత నల్లగొండ జిల్లా వాడే. బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి కట్టి’ పాట అప్పటి దొరల మీదిదే. అది తెరకెక్కింది మాత్రం 1979లో, గౌతమ్ ఘోష్ తీసిన ‘మాభూమి’లో, గద్దర్ గొంతుతో. అంటే ముప్పై ఏండ్లు జనం నోట్లోనే బతికింది. రికార్డు వేయాలంటే స్టూడియో కావాలి, ఫ్యాక్టరీ కావాలి, కొనే బేరగాళ్లున్నారని కంపెనీకి నమ్మకం కావాలి. పోలీసుల కళ్లుగప్పి పాడేవాళ్లకు అవెక్కడివి?

ఆ తలుపు తీసింది క్యాసెట్టు. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఈ సరుకు మా ఇళ్లలోకి 1980ల్లో వచ్చింది. రేడియో, టేపు కలిసిన టూ ఇన్ వన్ ఉన్న ఇంట్లో ఎర్ర మీట నొక్కితే ఎవరి గొంతైనా నిలిచిపోతుంది. కాగితం మీద పాటల పట్టీ రాసి పట్నం షాపులో ఇస్తే సి-60లోనో సి-90లోనో ఎక్కించి ఇచ్చేవాళ్లు. ఆ పట్టీలే డబ్బాల్లో మడత పెట్టి ఇప్పటికీ దొరుకుతాయి. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు పోయినవాళ్లు ఒగ్గు కథల క్యాసెట్లు తెచ్చుకునేవాళ్లు.

పాత క్యాసెట్టు కొనేటప్పుడు ముందు దాని వెనక అంచు చూడాలి. అక్కడ రెండు చిన్న పలుకులుంటాయి. అవి విరిస్తే మళ్లీ రికార్డు కాదు. కంపెనీ క్యాసెట్లు పలుకులు లేకుండానే వస్తాయి. కానీ ఆ సందు మీద ప్లాస్టరు ముక్క అంటిస్తే మళ్లీ ఎక్కించుకోవచ్చు. కొత్తది కొనే స్తోమత లేనివాళ్లు అదే చేశారు. నా దగ్గర అట్లాంటిది ఒకటుంది. పైన సినిమా పేరు, లోపల ఊరి భజన. నడుమ కుక్క మొరుగుతుంది, ఎవరో ‘జర ఇటు జరుగుర్రి’ అంటారు, తాళాలు మళ్లీ అందుకుంటాయి. నాకు సినిమా క్యాసెట్ల కన్నా ఈ ప్లాస్టరు క్యాసెట్ల మీదే ఆశ.

హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో గురువారం పూట తిరిగితే రికార్డులు, పాత మిషన్లు ఇప్పటికీ బేరానికి దొరుకుతాయి. 78 రికార్డును వేలిమీద నిలిపి గోటితో కొడితే గట్టిది ఖంగుమంటుంది, సన్న పగులున్నది బొంగురు పోతుంది. క్యాసెట్టైతే రీలు అంచున తెల్ల బూజుందేమో, లోపలి స్పాంజి ముక్క ఊడిందేమో చూసి, పెన్సిలుతో రీలు తిప్పి చూడాలి. సి-60లో దాదాపు 90 మీటర్ల టేపుంటుంది. ఒక్కచోట అంటుకున్నా మిషన్ నమిలేస్తుంది.

ఊరి గొంతున్న క్యాసెట్లు మాత్రం ఆ బజార్లో దొరకవు. అవి మా ఇళ్ల అటకల మీద ఉన్నాయి, ఉల్లిగడ్డలకు బదులుగా పాత సామాన్ల బండి ఎక్కుతున్నాయి. సినిమా రికార్డు పగిలితే ఇంకొకటి ఎక్కడో ఉంటుంది. చిరుతల రామాయణం పాడిన తాత గొంతుకు రెండో ప్రతి లేదు. మోతెలో పనిచేసే టేప్ రికార్డర్ ఒకటి, దాన్ని కంప్యూటర్‌కు కలిపే వైరు ఒకటి, కూర్చునే పిల్లలు ఇద్దరు దొరికితే ఆ గొంతులను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని అయిపోతుంది. పాడినవాళ్ల పేర్లు చెప్పగల పెద్దలు ఇంకా ఉన్నారు. ఆ పేర్లు రాసుకోవడంతోనే మొదలుపెడదాం.