పదును ఆగదు, బండి ఆగకూడదు

ఈ ఏడు నేను కొన్న పాత ట్రాక్టర్ హెచ్‌ఎంటీ జీటర్ 2511. రెండు సిలిండర్లు, 25 హార్స్‌పవర్. చెకోస్లొవేకియా జీటర్ కంపెనీ సహకారంతో ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎంటీ 1971లో హర్యానాలోని పింజోర్‌లో మొదలుపెట్టిన మోడల్ ఇది. దీన్ని విప్పుతుంటే మా చౌటుప్పల్ (యాదాద్రి భువనగిరి జిల్లా) చెలకల చరిత్ర నాకు ఇంకా దగ్గరగా కనిపించింది.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పొలాలను తడిపింది. మా మెరకకు ఆ నీళ్లు ఎక్కలేదు. చెరువు, బావి, లేదంటే వాన. జొన్న, కంది, ఆముదం వేసే ఎర్రచెలకలో వాన వెలిశాక పదును కొద్దిరోజులే. జత ఎడ్లతో రోజుకు ఎకరం దున్నడమే గగనం. మిగతా చెలక దున్నకముందే గట్టిపడేది. 1969లో 14 బ్యాంకులు జాతీయమయ్యాక రైతుకు ట్రాక్టర్ అప్పు దొరికే దారి పడింది. కొన్నవాళ్లు తమది దున్నుకొని, ఇరుగుపొరుగు చెలకలు కిరాయికి దున్నారు. అందుకే పదునులో ఒక బండి ఆగితే పది ఇళ్లకు అదును తప్పేది. హైదరాబాద్–విజయవాడ రోడ్డు పక్క షెడ్లలో లారీలతోపాటు ట్రాక్టర్లను రాత్రికి రాత్రే బాగుచేసే మేస్త్రీల విలువ రైతుకు తెలిసింది అప్పుడే.

"అన్నా, సెల్ఫు కొట్టకు. ముందుగాల ఆయిల్ దింపి సూద్దాం" అన్నాడు మా మేస్త్రీ, నేను కొన్న బండిని చూడగానే. దింపితే చాయ్ రంగులో వచ్చింది. ఇంజన్ ఆయిల్‌లో నీళ్లు కలిశాయన్నమాట. హెడ్ విప్పితే గ్యాస్కెట్ బాగానే ఉంది, లైనర్ల అడుగున రబ్బరు రింగులు పాడయ్యాయి. రేడియేటర్ నిండా బోరునీళ్ల ఉప్పు గట్టిపడి ఉంది. ఎయిర్ క్లీనర్ గిన్నెలో ఆయిల్‌కు బదులు ఎర్రమట్టి ముద్ద. ఆ దుమ్ము ఇంజన్‌లోకి పోతే పిస్టన్ రింగులు, లైనర్లు అరిగిపోతాయి. అన్నీ కడిగి, రబ్బరు రింగులు మార్చి, నాజిళ్లు పరీక్ష చేయించి, డీజిల్ ట్యాంకు తుప్పు వదిలించాం. చివర్న ఫిల్టర్ మీది స్క్రూ వదులుచేసి, బుడగలు పోయి అచ్చమైన డీజిల్ వచ్చేదాకా చేతిపంపు కొట్టాం. లైనులో గాలి ఉంటే డీజిల్ ఇంజన్ అందుకోదు.

2016 అక్టోబరులో హెచ్‌ఎంటీ ట్రాక్టర్ విభాగాన్ని మూసేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఇవాళ ఈ బండ్లకు దిక్కు ఈ షెడ్లే. దొరకని సామాను లేతు మీద చేయించుకుంటారు, పాత బండి విప్పి తెచ్చుకుంటారు. చెరువుల చరిత్ర రాశాం, పోచంపల్లి భూదానం చరిత్ర రాశాం. ఈ మేస్త్రీల పనిని మాత్రం ఎవరూ రాసిపెట్టడం లేదు. ఐటీఐ పిల్లలు వాళ్ల పక్కన కూర్చొని, ఏ చప్పుడుకు ఏ జబ్బో అడిగి రాసుకోవాలి. మెరక సేద్యాన్ని నిలబెట్టిన విద్య అది. మేస్త్రీలు బతికుండగానే ఆ పని జరగాలి.