ట్రక్ మెలితిరగాలి, ఇల్లు కాదు: ఆఫ్‌రోడ్ క్యాంపర్ వెనక వందేళ్ల కథ

ఇవాళ ముందు ఒక చిన్న ప్రయోగం చేద్దాం. వంటింట్లో ఫాయిల్ రోల్ అయిపోయాక అట్ట గొట్టం మిగులుతుంది కదా, అది తీసుకోండి. రెండు చివర్లూ పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలితిప్పండి. అస్సలు లొంగదు. ఇప్పుడు బ్లేడుతో ఈ చివర నుంచి ఆ చివర దాకా నిలువునా ఒకే ఒక్క గాటు పెట్టండి. మళ్లీ తిప్పి చూడండి. రెండు వేళ్లతో తిరిగిపోతుంది.

అట్ట అదే, మందం అదే, బరువూ అదే. మరి బలం ఎక్కడికి పోయింది? బీటెక్‌లో స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. గుండ్రటి గొట్టం వ్యాసార్థం దాని గోడ మందానికి ఎన్ని రెట్లో చూసి, ఆ అంకెని వర్గం చేసి, మూడుతో గుణించాలి. పది రెట్లు ఉంటే 300. అంటే కోయని గొట్టం, కోసినదాని కన్నా 300 రెట్లు గట్టిగా మెలిని ఆపుతుంది.

ఈ అట్ట గొట్టానికీ మన టాపిక్‌కీ ఏంటి సంబంధం అంటారా? ఇవాళ్టి టాపిక్ పెద్ద ట్రక్ మీద మాడ్యులర్ ఆఫ్‌రోడ్ క్యాంపర్ కట్టడం. ఈ కల ఉన్నవాళ్లు చాలామంది కాగితం తీసుకోగానే మొదట గీసేది మంచం, స్టవ్, సోలార్ ప్యానెల్. నేను చెప్పేది ఒక్కటే. మొదట గీయాల్సింది ట్రక్‌కీ ఇంటికీ మధ్య ఉండే జాయింట్. అది ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి, ఒక వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

ముందు సమస్య ఏంటో చూద్దాం. మామూలు లారీ ఛాసిస్ అంటే నిచ్చెన లాంటిది. పొడుగ్గా రెండు సి-ఛానల్స్, మధ్యలో అడ్డ కమ్మీలు. సి-ఛానల్ అంటే ఒక పక్క తెరిచి ఉండే ఉక్కు కమ్మీ. మన కోసిన గొట్టం లాంటిదే. రాళ్ల దారిలో ముందు ఎడమ చక్రం బండ ఎక్కింది, వెనక కుడి చక్రం ఇంకో బండ ఎక్కింది అనుకోండి. ఫ్రేమ్ మెలితిరుగుతుంది. ఇది లోపం కాదండీ, కావాలనే అలా కడతారు. ఫ్రేమ్ లొంగితేనే నాలుగు చక్రాలూ నేలని వదలకుండా ఉంటాయి. ఇసుకో కంకరో మోసే లారీకి దానివల్ల నష్టమేం లేదు.

కానీ దాని మీద ఒక గది పెట్టి, నాలుగు మూలలా బోల్టులు బిగించారనుకోండి. ఫ్రేమ్ తిరిగిన ప్రతిసారీ గది కూడా తిరగాలి. గది తిరగలేదు. ఫోమ్ ప్యానెళ్లు జిగురుతో అతికిన మూలలు విచ్చుకుంటాయి. తలుపు పట్టేస్తుంది. కిటికీ పక్కన సన్నటి పగులు వస్తుంది, మొదటి వానకే నీళ్లు లోపలికి దిగుతాయి. లక్షలు పోసి కట్టిన ఇల్లు, మెకానిక్ దొరకని చోట పాడవుతుంది.

దీనికి మొదటి పెద్ద జవాబు 1923లో వచ్చింది. అప్పటి చెకోస్లొవాకియాలో కోప్రివ్నిట్సే అనే ఊళ్లో టాట్రా కంపెనీ ఉంది. అక్కడి ఇంజనీర్ హాన్స్ లెడ్వింకా టాట్రా 11 అనే చిన్న కారు తయారు చేశాడు. అందులో నిచ్చెన ఫ్రేమ్ లేదు. కారు మధ్యలో వెన్నెముకలా ఒకటే లావుపాటి ఉక్కు గొట్టం. ఇంజన్ నుంచి చక్రాలకి శక్తి తీసుకెళ్లే షాఫ్ట్ ఆ గొట్టం లోపలే తిరుగుతుంది. వెనక యాక్సిల్ రెండు సగాలుగా, పక్షి రెక్కల్లా విడివిడిగా పైకీ కిందికీ ఊగుతుంది. చూశారా, మన కోయని గొట్టం! గుంతల్ని యాక్సిళ్లు చూసుకుంటాయి, వెన్నెముక మాత్రం తిరగదు. చిన్న కారులో మొదలైన ఈ ఐడియా టాట్రా పెద్ద ట్రక్కుల్లో ఇప్పటికీ నడుస్తోంది. ఈ ట్రక్కుల్లో గొట్టం పైన నిచ్చెన ఫ్రేమ్ ఉన్నా, మెలిని ఆపే అసలు పని గొట్టానిదే.

ట్రక్ మీద ఇల్లు కట్టుకుని లోకం తిరగడంలో కూడా టాట్రాకి పాత చరిత్రే ఉంది. యిర్జీ హాంజెల్కా, మిరొస్లావ్ జిక్ముండ్ అనే ఇద్దరు చెక్ ఫ్రెండ్స్ 1947 నుంచి 1950 దాకా టాట్రా 87 కారులో ఆఫ్రికా, లాటిన్ అమెరికా తిరిగొచ్చారు. ఆ తర్వాత 1959లో ఆసియా వైపు బయల్దేరారు. ఈసారి కారు సరిపోదనుకున్నారు. టాట్రా 805 అనే ఫోర్ బై ఫోర్ ట్రక్కులు రెండు తీసుకుని, వాటి మీద ప్రత్యేకంగా బాడీలు కట్టించుకున్నారు. అవే ఇల్లు, అవే ఆఫీసు. మన దేశం మీదుగా కూడా వెళ్లిన ఆ ప్రయాణం 1964 దాకా సాగింది. ఐదేళ్లు! ఇవాళ మనం ఎక్స్‌పెడిషన్ ట్రక్ అంటున్నది వాళ్లకి అప్పటికే ఉంది.

ఇదే టాట్రాకి మన వైపు కూడా ఒక లింక్ ఉంది. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్‌లో తయారైన పృథ్వి క్షిపణిని మోసే లాంచర్ టాట్రా ఎయిట్ బై ఎయిట్ ట్రక్కే. 1986లో బీఈఎంఎల్ ఒప్పందం చేసుకున్నాక ఆ ట్రక్కులు మన దేశంలోనే తయారవడం మొదలైంది. క్షిపణి అయినా, మంచం అయినా ట్రక్‌ని అడిగేది ఒకటే: కింద ఎన్ని గుంతలున్నా నన్ను మెలితిప్పకు అని.

రెండో జవాబు దీనికి పూర్తిగా ఉల్టా. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది, జర్మనీలో తిండికి కటకట. ఆల్బర్ట్ ఫ్రీడ్రిష్ అనే ఇంజనీర్ రైతుల కోసం ఒక బండి డిజైన్ చేశాడు. దాని మొదటి నమూనా 1946లో రోడ్డెక్కింది. అదే యూనిమాగ్. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం 1270 మిల్లీమీటర్లు. ఆ అంకె ఎలా వచ్చిందో తెలుసా? సరిగ్గా రెండు బంగాళాదుంప సాళ్ల వెడల్పు అది. పొలం కొలతే బండి కొలత అయింది. 1951లో ఉత్పత్తి డైమ్లర్-బెంజ్ చేతికి వెళ్లి గాగెనావ్ ఫ్యాక్టరీకి మారింది.

యూనిమాగ్ ఫ్రేమ్‌ని గట్టిగా ఉంచాలని వాళ్లు చూడలేదు. బాగా తిరగనివ్వండి అన్నారు. కాయిల్ స్ప్రింగులు, పైగా లొంగే ఫ్రేమ్, అందుకే అది ఎక్కడైనా పాకుతూ పోతుంది. మరి దాని మీద పెట్టే పెట్టె సంగతి? ఇక్కడే మూడు పాయింట్ల సీక్రెట్ ఉంది. ఇది మన అమ్మమ్మలకి బాగా తెలిసిన ఇంజనీరింగ్. మూడు రాళ్ల పొయ్యి గుర్తు చేసుకోండి. నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు రాళ్ల మీద కుండ ఊగదు. నాలుగో రాయి పెట్టారా, ఊగిసలాట మొదలు. ఎందుకంటే ఏ మూడు బిందువులైనా ఒకే తలంలో ఉంటాయి, నాలుగోది ఉండాలని రూలేం లేదు.

కాబట్టి పెట్టెని ట్రక్ ఫ్రేమ్‌కి మూడు చోట్ల పట్టిస్తారు. రెండు చోట్ల గట్టిగా, మూడో చోట అటూ ఇటూ తిరిగే ఇరుసు మీద. ఇంకో పద్ధతిలో నాలుగు పాయింట్లు గాలిపటం ఆకారంలో పెడతారు. మధ్యలో కుడి ఎడమల రెండు, ముందొక ఇరుసు, వెనకొక ఇరుసు. ఎలా పెట్టినా ఫలితం ఒకటే. కింద ఫ్రేమ్ మెలితిరుగుతుంది, పైన గది నిటారుగా కూర్చుంటుంది.

మూడో మలుపు ట్రక్కుల ఫ్యాక్టరీలో రాలేదు, ఓడరేవులో వచ్చింది. 1956 ఏప్రిల్ 26న అమెరికాలోని నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కి ఐడియల్ ఎక్స్ అనే ఓడ బయల్దేరింది. దాని మీద 58 కంటైనర్లు. ఆ ఐడియా మాల్కమ్ మెక్‌లీన్ అనే లారీల ఓనర్‌ది. సరుకుని లారీ నుంచి దించి, మోసి, మళ్లీ ఓడలో సర్దే బదులు పెట్టెకి పెట్టె ఎత్తేస్తే పోదా అన్నాడు. ఆయన ఇంజనీర్ కీత్ టాంట్లింగర్ ఆ పెట్టె మూలల్నీ, వాటిని పట్టే ట్విస్ట్ లాక్‌నీ డిజైన్ చేశాడు. మూలలో ఒక కన్నం, అందులో దూరే ఒక తల, పావు చుట్టు తిప్పితే లాక్. తర్వాత ఆ పేటెంట్లని అందరూ వాడుకునేలా వదిలేశారు. అందుకే ప్రపంచమంతా ఒకే కొలత వచ్చింది. 20 అడుగుల కంటైనర్ పొడవు 6058 మిల్లీమీటర్లు, వెడల్పు 2438. విశాఖ పోర్టు వైపు వెళ్లినప్పుడు ట్రైలర్ల మూలలు ఓసారి చూడండి, ఆ లాకులు కనిపిస్తాయి.

నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి ఇది చూడగానే ఏపీఐ గుర్తొస్తుంది. లోపల ఏముందో ట్రక్‌కి అనవసరం, కింద ఏ ట్రక్ ఉందో పెట్టెకి అనవసరం. మూలల కొలత కలిస్తే చాలు. మాడ్యులర్ అనే మాటకి అసలు అర్థం ఇదే. సైన్యాలు దీన్ని వెంటనే పట్టుకున్నాయి. రేడియో గది, వర్క్‌షాప్ గది, ఆసుపత్రి గది విడిగా కట్టి, అవసరమైన ట్రక్ మీద పెట్టి, పనయ్యాక దించేస్తారు.

నాలుగో జవాబు 1976 నుంచి పశ్చిమ జర్మనీ సైన్యానికి అందిన మాన్ కాట్ 1 ట్రక్. వీళ్లు ఫ్రేమ్‌నే మెలితిరగని పెట్టె ఆకారంలో కట్టేశారు. గుంతల పని మొత్తం పెద్ద కాయిల్ స్ప్రింగులకి అప్పగించారు. పైన ఏది పెట్టినా తిరగదు. దానికి చెల్లించిన ధర బరువు. సైన్యం వాటిని అమ్మేశాక చాలా ట్రక్కులు యూరప్‌లో క్యాంపర్లుగా మారాయి.

ఇప్పుడు మన ప్లాన్‌కి వద్దాం. మన దగ్గర దొరికేది ఎక్కువగా నిచ్చెన ఫ్రేమ్ ట్రక్కే. మాడ్యులర్ అనగానే నాలుగు ట్విస్ట్ లాకులు నేరుగా ఫ్రేమ్‌కి వెల్డ్ చేసేస్తే అయిపోతుంది అనిపిస్తుంది. ఆగండి. నాలుగు లాకులు అంటే నాలుగో రాయి మళ్లీ వచ్చినట్టే. హైవే మీద పర్లేదు, రాళ్ల దారిలో మెలి నేరుగా పెట్టెలోకి ఎక్కుతుంది. కాబట్టి రెండు అంతస్తులుగా ఆలోచించాలి. కింద అంతస్తు యూనిమాగ్ పాఠం, అంటే ట్రక్ ఫ్రేమ్‌కి మూడు పాయింట్ల జాయింట్. దాని పైన నాలుగు వైపులా మూసి ఉన్న గొట్టపు కమ్మీలతో కట్టిన గట్టి సబ్‌ఫ్రేమ్, ఇది టాట్రా పాఠం. ఆ సబ్‌ఫ్రేమ్ మూలల్లో ట్విస్ట్ లాకులు, అది మెక్‌లీన్ పాఠం. పెట్టెని జాకీల మీద నిలబెట్టి కింద నుంచి ట్రక్‌ని బయటికి తీసేయొచ్చు. పదేళ్ల తర్వాత ట్రక్ అరిగిపోతే ఇల్లు ఇంకో ట్రక్ ఎక్కుతుంది.

ఈ జాయింట్ ఫిక్స్ అయ్యాకే మిగతా లెక్కలు కుదురుతాయి. క్యాబిన్ ఫ్రేమ్‌తో పాటు తిరుగుతుంది, గది తిరగదు. అంటే రెండింటి మధ్య ఖాళీ వదలాలి. లోపలి నుంచే క్యాబిన్‌లోకి దారి కావాలంటే బస్సుల మధ్య ఉండేలాంటి మడతల రబ్బరు గొట్టం పెట్టాలి. వైర్లు, డీజిల్ పైపులు బిగుతుగా కాకుండా కొంచెం వదులుగా లాగాలి. తర్వాత బరువు. 400 లీటర్ల నీళ్లంటే 400 కిలోలు, 400 లీటర్ల డీజిల్ అంటే ఇంకో 330 కిలోల పైమాట. ఇవి కిందనే, రెండు యాక్సిళ్ల మధ్యలో ఉండాలి. స్టెప్నీ టైరుని టాప్ మీద పెట్టే ఫొటోలు బాగుంటాయి కానీ, ఏటవాలు దారిలో పైన ఉన్న ప్రతి కిలో బండిని పక్కకి లాగుతుంది.

ఒక సీరియస్ విషయం కూడా చెప్పాలి. మన మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. కాబట్టి వెల్డింగ్ షాపుకి వెళ్లే ముందు ఆర్టీఓ ఆఫీసుకి, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరికి డ్రాయింగ్‌తో వెళ్లండి. ఏది కుదురుతుందో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే డబ్బు ఖర్చు పెట్టండి.

చివరిగా ఒక హోంవర్క్. ఎవరి దగ్గరైనా ట్రక్ చూసి కొనబోతున్నారా? ఖాళీ ఛాసిస్‌ని ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం కింద ర్యాంపులు పెట్టి నిదానంగా ఎక్కించండి. మీటరు టేపు, లెవెల్ తీసుకుని ఫ్రేమ్ నాలుగు మూలలూ ఎంత ఎత్తు తేడాలో ఉన్నాయో రాసుకోండి. మీ జాయింట్ ఆ తేడాని పెట్టె దాకా వెళ్లకుండా మింగాలి. ఆ అంకె చేతిలో ఉంటే మంచం ఎటు పెట్టాలో తర్వాత తీరిగ్గా గొడవపడొచ్చు. వచ్చే ఎపిసోడ్‌లో పెట్టె గోడల సంగతి మాట్లాడుకుందాం, ఏ ప్యానెల్ ఎందుకు అని. అప్పటిదాకా ఉంటాను ఫ్రెండ్స్, జాగ్రత్త.