నాలుగు సిలిండర్ల శ్రుతి

హైదరాబాదు నుండి పూనా దిశగా పోవు 65వ జాతీయ రహదారి పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాదుల మీదుగా సాగుచున్నది. ఈ బాట వెంట వెలసిన కర్మాగారముల ప్రస్తావన రాగానే రామచంద్రాపురములోని భారీ విద్యుద్యంత్రముల సంస్థ అందరికిని గుర్తునకు వచ్చును. సరకులు మోయు చిన్న వ్యానుల కథ మాత్రము అరుదుగా వినవచ్చును. అందును వాని ఇంజనుకు అన్నము పెట్టు డీజిలు పంపును గూర్చి చెప్పువారు మరింత అరుదు. నేడు మేము దానిని గూర్చియే ముచ్చటింపదలచితిమి.

1942లో నిజాము ప్రభుత్వపు పారిశ్రామిక నిధియు, అల్లాదీన్ కంపెనీయు కలిసి హైదరాబాదులో ఆల్విన్ సంస్థను నెలకొల్పినవి. ఇనుప బీరువాలు, బస్సుల బాడీలు, రిఫ్రిజిరేటర్లు, చేతి గడియారములు, ఇట్లు ఎన్నియో వస్తువులపై ఆ పేరు జనులకు పరిచితమైనది. 1980వ దశకములో జపాను సంస్థల సహకారముతో మన దేశమున నాలుగు తేలిక వాహనములు బయలుదేరినవి. అవి డి.సి.ఎం. టొయోటా, స్వరాజ్ మాజ్దా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్. వీనిలో ఆల్విన్ నిస్సాన్ వారి క్యాబ్‌స్టార్ జహీరాబాదున తయారైనది. అప్పుడు మెదకు జిల్లాలో నుండిన ఆ పట్టణము 2016 నుండి సంగారెడ్డి జిల్లాలోనిది. కొలది యేండ్లకే ఆ వాహన సంస్థ మహీంద్రా వారి వశమైనది. కర్మాగారపు ద్వారముపై పేరు మార్చుట ఒక్క దినపు పని. అమ్ముడుపోయిన బండి మాత్రము ఏండ్ల తరబడి నడువవలయును. ఆ భారము రహదారి ప్రక్క మేస్త్రీల భుజములపై పడును.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వనిచ్చు ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టు వేడిమిలోనికి నూనెను చిమ్మగా అది తనంతట మండును. 1897లో రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలో నడిపి చూపిన ఇంజనుకు నూనె చిమ్ముటకై అదిమిన గాలి కావలసివచ్చెను. ఆ గాలినిచ్చు సాధనముల బరువు వలన అట్టి ఇంజను బండ్లకు తగినది కాలేదు. 1927లో రాబర్ట్ బాష్ సంస్థ చిన్న పంపులను విరివిగా తయారు చేయసాగిన పిదప డీజిలు లారీలకు మంచి కాలము వచ్చినది. మన దేశమున 1951లో బెంగుళూరున స్థాపితమైన మైకో సంస్థ వలన అట్టి పంపులు ఇచ్చటనే లభింపసాగినవి.

ఇంజను నిమిషమునకు 2,000 సార్లు తిరుగునప్పుడు ఒక్కొక్క సిలిండరునకు 1,000 సార్లు నూనె అందవలయును. అందునవి చిన్న చుక్కలు. అన్నియు సమానముగా నుండవలయును. నాలుగు తంత్రులలో ఒకటి తప్పినను తంబుర అపస్వరము పలుకును గదా! ఇంజనును శ్రుతి చేయుటయు అట్టిదే.

నేర్పరియైన మేస్త్రీ మొదట పంపును తాకడు. గాలి వడపోతలో దుమ్ము చేరినదా, వాల్వుల సందు సరిగా నున్నదా, సిలిండరులో అదుము తగినంత కలదా అని చూచును. పిమ్మట నాజిళ్లను విప్పి చేతిపంపుతో పరీక్షించును. నూనె మంచు తుంపరవలె రావలయును. చుక్కలుగా కారిన నాజిలు చెడినట్లే. ఆ తుంపరకు చేయి అడ్డుపెట్టరాదు, అది చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. తరువాత పంపును పరీక్షా బల్లపై బిగించి మోటారుతో త్రిప్పి, నాలుగు గొట్టముల నూనెను గీతలు గల గాజు కుప్పెలలో పట్టి సరిచూతురు. తుదకు ఇంజనుపై బిగించునప్పుడు చిమ్ము వేళను కుదుర్చుదురు. వేళ ముందైనచో ఇంజను కొట్టుకొనును. ఆలస్యమైనచో బలము తగ్గి తెల్లని పొగ వచ్చును.

ఇక అసలు చిక్కు ఒకటి కలదు. పంపుపై గరిష్ఠ ఇంధనమును నియమించు మర ఒకటుండును. దానికి తీగయు సీలును వేయుదురు. బరువెక్కువ మోయించుటకై దానిని కొంచెము త్రిప్పుమని అడుగు యజమానులు లేకపోలేదు. త్రిప్పిన నాడు బండి పరుగెత్తును. కాని చాలినంత గాలి లేక మండని నూనె నల్లని పొగయై వెడలును, పిస్టను కాగును, డీజిలు ఖర్చు పెరుగును. లాభము ఒకరిది, పొగ మాత్రము దారిలో పోవు పిల్లలకు, వృద్ధులకు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు, బొల్లారముల ప్రాంతమును తీవ్రముగా కలుషితమైన వానిలో చేర్చినది. అట్టిచోట ఈ మరను త్రిప్పుట చిన్న తప్పు కాజాలదు.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట భారత్ ఆరవ దశ ప్రమాణములు అమలైనవి. కొత్త బండ్లలో చుక్క పరిమాణమును, వేళను ఎలక్ట్రానిక్ సాధనములే నిర్ణయించుచున్నవి. మేస్త్రీ చేతికి అందు మర లేదు. పాత బండిలో మాత్రము ఆ నిర్ణయము ఒక మనిషిదే. సీలు త్రెంపుమని అడిగిన యజమానికి 'వద్దు' అని చెప్పి, నాలుగు కుప్పెలను సరితూచి పంపిన మేస్త్రీ పేరు ఏ చరిత్ర గ్రంథమునను ఉండదు. అయినను ఈ రహదారి చరిత్రలో ఆయనకు స్థానము కలదని మా విశ్వాసము.